రోజుకు రెండు వరుసలు

(మన సంఘం శిక్షణా తరగతిలో ‘మంచి అలవాట్లు – లక్ష్య సాధన’ అనే అంశంపై చేసిన ప్రసంగ పాఠం)



ఉదయం మద్దతు ధర గురించి, కౌలు రైతుల గుర్తింపు గురించి మాట్లాడుకున్నాం. భోజనాల తర్వాత నాకిచ్చిన అంశం ‘మంచి అలవాట్లు’. ఈ మాట బోర్డు మీద చూడగానే వెనక వరుసలో కొందరు నవ్వారు. నవ్వడంలో తప్పులేదు. ఈ మాట మనకు ఎవరి నోట వినపడుతుందో మనకు తెలుసు. బ్యాంకుకు వెళితే ‘మీకు పొదుపు అలవాటు లేదండీ’ అంటారు. టీవీలో కూర్చున్న పెద్దమనిషి ‘రైతులు పెళ్లిళ్లకు, తాగుడుకు తగలేసి అప్పులంటారు’ అంటాడు. కాబట్టి ముందు ఆ సంగతి తేల్చుకుని తర్వాత విషయంలోకి వెళదాం.

అలవాటు ధరను నిర్ణయించదు

2025–26 ఖరీఫ్‌కు కేంద్రం సాధారణ రకం వరికి ప్రకటించిన మద్దతు ధర క్వింటాకు 2,369 రూపాయలు. దానికి వాళ్లు లెక్కగట్టిన ఖర్చు 1,579 రూపాయలు. దాని మీద యాభై శాతం కలిపాం, మాట నిలబెట్టుకున్నాం అంటున్నారు. ఆ 1,579లో ఏమున్నాయి? విత్తనం, ఎరువు, పురుగుమందు, కూలి, కౌలుకు చేస్తే కట్టిన కౌలు వంటి చేతి ఖర్చులు, వాటికి తోడు ఇంటిల్లిపాది చేసిన పనికి కట్టిన విలువ. అంతే. సొంత భూమికి రావలసిన కౌలు, సొంత పెట్టుబడికి రావలసిన వడ్డీ అందులో లేవు. అవి కూడా కలిపితే వచ్చేదాన్ని ‘సీ2’ ఖర్చు అంటారు. ఆ సీ2 మీద యాభై శాతం కలిపి ఇవ్వాలన్నది మన డిమాండు. 2004లో స్వామినాథన్ అధ్యక్షతన ఏర్పడిన జాతీయ రైతు కమిషన్ ఖర్చు మీద కనీసం యాభై శాతం కలపాలని చెప్పి ఇరవై ఏళ్లు కావస్తున్నా మనం ఇంకా అదే అడుగుతున్నాం.

తెల్లవారుజామున నాలుగింటికి లేచే అలవాటు ఉన్నంత మాత్రాన ఈ ధర పెరగదు. పొదుపు చేసినంత మాత్రాన తుఫాను ఆగదు. రైతు అప్పులకు మూలం రైతు గుణంలో ఉందనే వాళ్లతో మనకు రాజీ లేదు. ఇది ముందుగా రాసి పెట్టుకోండి.

అయితే ఇంకో మాట కూడా ఉంది. ధర మన చేతిలో లేదు, వాన మన చేతిలో లేదు. మన చేతిలో ఉన్నవి కొన్నైనా ఉన్నాయా? ఉన్నాయి. వాటిని జారవిడుచుకుంటే లాభపడేది ఎవరు? వడ్డీ వ్యాపారి, బిల్లు ఇవ్వని దుకాణదారు, నాసిరకం విత్తనం అమ్మిన కంపెనీ. నేను మాట్లాడబోయే అలవాటు ఒకే ఒక్కటి. అది లెక్క రాయడం.

తీర్మానాలు ఎందుకు నిలవవు

ఉగాదినాడు అనుకుంటాం: ఈ ఏడు బయట అప్పు చేయను, బీడీ మానేస్తాను, పైసా పైసా లెక్క రాస్తాను. ఏరువాక వచ్చేసరికి ఆ మాట ఎక్కడో పోతుంది. మనకు పట్టుదల లేకనా? పట్టుదల లేనివాడు వరుసగా మూడేళ్లు నష్టం వచ్చినా నాలుగో ఏడు నారు పోయడు. కారణాలు వేరే ఉన్నాయి.

మొదటిది, తీర్మానం మరీ పెద్దది. ‘ఇక నుంచి అన్నీ పద్ధతిగా చేస్తాను’ అంటే ఏ రోజు ఏం చేయాలో అందులో లేదు. రెండోది, దానికి వేళ, చోటు లేవు. మూడోది, ఒంటరిగా అనుకుంటాం కాబట్టి ఒంటరిగానే వదిలేస్తాం. అడిగేవాడు ఉండడు.

మరి మనకు నిలిచిన అలవాట్లు లేవా? గేదెకు పాలు పితకడానికి ఎవరైనా ఉగాదినాడు తీర్మానం చేస్తారా? వేళకు అది అరుస్తుంది, మనం లేస్తాం. జ్వరంగా ఉన్నా లేస్తాం. ఆ పనికి వేళ ఉంది, చోటు ఉంది, పిలిచే గొంతు ఉంది. ఏ కొత్త అలవాటుకైనా ఈ మూడూ అమర్చాలి. మనసు గట్టిచేసుకోవడం కంటే ఇది ముఖ్యం.

దీని మీద పరిశోధన కూడా జరిగింది. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీ వాళ్లు 96 మందిని 12 వారాలపాటు పరిశీలించి 2009లో ఆ ఫలితాలు చెప్పారు. ఒక్కొక్కరూ ఒక్కో చిన్న పని ఎంచుకున్నారు. మధ్యాహ్న భోజనంతోపాటు ఒక పండు తినడం లాంటిది. దాన్ని రోజూ ఒకే సందర్భంలో చేయాలి. ఆలోచించకుండానే చేయి ఆ పనికి వెళ్లే స్థితి రావడానికి సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులే చాలాయి, కొందరికి 254 రోజుల దాకా పడుతుందని అంచనా వేశారు. వాళ్లు గమనించిన ఇంకో సంగతి మనకు బాగా పనికొస్తుంది. మధ్యలో ఒకరోజు తప్పినంత మాత్రాన అలవాటు చెడిపోలేదు.

66 రోజులంటే ఎంత? సాంబ మసూరి పంటకాలం దాదాపు 150 రోజులు. అందులో సగం కూడా కాదు. నారు పోసిన రోజు మొదలుపెడితే చేను పొట్టకు రాకముందే అలవాటు వేళ్లూనుకుంటుంది.

ఏం రాయాలి, ఎప్పుడు రాయాలి

రోజుకు రెండు వరుసలు చాలు. మొదటి వరుస డబ్బుది, రెండో వరుస చెమటది.

మొదటి వరుసలో ఈ రోజు చేతి నుంచి పోయింది ఏమిటి, ఎంత, ఎవరికి, నగదా అరువా అని రాయాలి. డబ్బు వస్తే అది కూడా అక్కడే. ‘డీఏపీ 2 కట్టలు, ఇంత, ఫలానా కొట్టు, అరువు.’ అంతే.

రెండో వరుసలో ఈ రోజు చేలో ఎవరు ఎంతసేపు పనిచేశారో రాయాలి. బయటి కూలీలు ఎంతమంది, ఇంటి మనుషులు ఎంతమంది. ‘నేను నీరు కట్టాను, మూడు గంటలు. ఆమె కలుపు, రోజంతా.’ ఈ రెండో వరుస మనవాళ్లు ఎన్నడూ రాయరు. ఇంట్లో ఆడవాళ్లు కలుపు తీసిన రోజులు, పత్తి ఏరిన రోజులు, ధాన్యం ఎండబోసి రాత్రి కాపలా ఉన్న రోజులు ఏ లెక్కలోకీ రావు. రాయకపోతే అవి లేనట్టే.

పుస్తకం చివరి నాలుగు పేజీలు అప్పులకు వదలండి. ఎవరి దగ్గర, ఏ తేదీన, ఎంత, ఏ వడ్డీకి. కట్టిన ప్రతిసారీ తేదీతో సహా రాయాలి. పుస్తకంతోపాటు ఒక గుడ్డ సంచి పెట్టుకోండి. విత్తనం బిల్లు, ఎరువు బిల్లు, మందు బిల్లు, యార్డులో ఇచ్చిన తక్‌పట్టీ, బ్యాంకు రసీదు అన్నీ అందులోకి వెళ్లాలి. చొక్కా జేబులో మిగిలిన బిల్లు చాకిరేవు పాలవుతుందని అందరికీ తెలుసు.

ఎప్పుడు రాయాలి? రాత్రి భోజనం చేసి ఫోను ఛార్జింగ్ పెడతారు కదా, అప్పుడు. పుస్తకం అక్కడే మేకుకు వేలాడాలి. పెన్నుకు దారం కట్టి పుస్తకానికే వేలాడదీయండి. పెన్ను వెతుక్కోవాల్సి వచ్చిందంటే ఆ రాత్రి లెక్క రాదు. ఫోను పెట్టడం గేదె అరుపు లాంటిది. దాని వెంటే పుస్తకం.

‘నాకు చదువు రాదు’ అనే పెద్దలున్నారు. మీరు చెప్పండి, ఇంట్లో స్కూలుకు వెళ్లే పిల్లలు రాస్తారు. చేను తమకేం ఖర్చవుతుందో ఆ పిల్లలకూ తెలుస్తుంది. ‘పొలం పని చేసి వచ్చాక ఓపిక ఉండదు’ అనేవాళ్లకు ఒక్క మాట. ఓపిక లేని రోజు తేదీ వేసి ఒక్క అంకె రాసి పడుకోండి. అదీ కుదరకపోతే పొద్దున రాయండి. ఒకరాత్రి తప్పితే ఫరవాలేదు, రెండో రాత్రి మాత్రం తప్పకూడదు. రెండు రాత్రులు వదిలితే మూడోది దానంతటదే పోతుంది.

రాస్తే ఏం కనపడుతుంది

లక్ష్యం అంటే ‘అప్పులు తగ్గాలి’ అనుకోవడం కాదు. దానికి అంకె ఉండాలి, తేదీ ఉండాలి. ‘వచ్చే సంక్రాంతికి బయటి అప్పులో ముప్పై వేలు తగ్గాలి.’ ఇది లక్ష్యం. ఈ ముప్పై వేలు ఎక్కడి నుంచి వస్తాయో చెప్పేది పుస్తకమే.

ఒక లెక్క చూడండి. లక్ష రూపాయలు మూడు రూపాయల వడ్డీకి జూన్‌లో తెచ్చారు, ఫిబ్రవరిలో పంట అమ్మి కట్టారు. ఎనిమిది నెలలు. వడ్డీ 24,000. ఏడాది నిండితే 36,000. ‘మూడు రూపాయలే కదా’ అని నోటితో అంటే తేలికగా ఉంటుంది. 36 శాతం అని రాస్తే చేయి ఆగుతుంది. అదే లక్ష కిసాన్ క్రెడిట్ కార్డు మీద ఉంటే మూడు లక్షల లోపు పంట రుణానికి వడ్డీ 7 శాతం. గడువులోగా కట్టినవారికి 3 శాతం రాయితీ పోను 4 శాతమే పడుతుంది. అంటే ఏడాదికి 4,000. గడువు దాటితే ఆ రాయితీ పోతుంది. బ్యాంకు గడువు తేదీ ఎప్పుడో పుస్తకం అట్ట మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంటే, పది రోజుల ముందే ఏర్పాటు చూసుకుంటాం. లేకపోతే గడువు దాటాక నోటీసు వచ్చిననాడు గుర్తుకొస్తుంది.

‘కౌలుకు చేసేవాడికి బ్యాంకు గుమ్మం ఎక్కడిది?’ అని అడుగుతారు. నిజమే. ఆంధ్రప్రదేశ్‌లో 2019 చట్టం ప్రకారం సాగుదారు హక్కు పత్రానికి భూయజమాని సంతకం కావాలి. ఆ సంతకం పెట్టడానికి చాలామంది ఒప్పుకోరు. అది అలవాట్లతో తీరే సమస్య కాదు, పోరాటంతో తీరేది. కానీ ఆ కౌలు రైతుకే పుస్తకం మరీ అవసరం. తాను సాగు చేశానని చెప్పే కాగితం అతని దగ్గర ఇంకేముంది? కౌలు ఎన్ని బస్తాలు, ఏ రోజు కొలిచాడు, ఎవరి ఎదుట కొలిచాడు అన్నవి తేదీలతో ఉంటే రేపు మాట మారినప్పుడు నిలబడటానికి కొంత ఆధారం దొరుకుతుంది.

రెండో లెక్క. డీఏపీ కట్ట గరిష్ఠ ధర 1,350 రూపాయలని కట్ట మీదే ఉంటుంది. ఉదాహరణకు అరువు కొట్టులో 1,500 రాసుకున్నాడనుకుందాం. ‘నూటయాభైయే కదా’ అనుకుంటాం. ఆరు నెలల అరువుకు 1,350 మీద 150 అంటే ఏడాదికి 22 శాతం వడ్డీ. పది కట్టలకు 1,500 రూపాయలు. ఇది చాలక ‘ఈ డబ్బా కూడా తీసుకుంటేనే కట్ట ఇస్తా’ అంటే అదీ రాయండి. బిల్లు ఇవ్వడం దుకాణదారు దయ కాదు. 1985 ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం అది అతని బాధ్యత. ఒక్క రైతు వెళ్లి అడిగితే ‘ఇష్టముంటే తీసుకో’ అంటాడు. ఒకే ఊరి నుంచి ఇరవై పుస్తకాల్లో ఒకే కొట్టు, ఒకే నెల, ఒకే రకం దోపిడీ రాసి ఉంటే వ్యవసాయాధికారి బల్ల మీద పెట్టడానికి మన చేతిలో సరుకున్నట్టు.

మూడోది. క్వింటాకు 2,369 అంటే 75 కిలోల బస్తాకు సుమారు 1,777 రూపాయలు. తేమ ఉందనో, సంచులు లేవనో చెప్పి బస్తాకు 250 తగ్గించి కొంటే, ముప్పై బస్తాలు పండిన ఎకరానికి 7,500 పోయినట్టు. కొనుగోలు కేంద్రం తేమ పరిమితి 17 శాతం. ఏ రోజు కోశారు, ఎన్నాళ్లు ఎండబెట్టారు, తేమ ఎంత చూపించారు, ఎంతకు కొన్నారు అన్నది ఆ రాత్రే రాస్తే తర్వాతి ఏడు ఏం చేయాలో తెలుస్తుంది. రెండు రోజులు ఆగి ఎండబెట్టుకోవడానికి చోటు చూసుకోవడమా, నలుగురం కలిసి బరకాలు కొనడమా, రోడ్డెక్కడమా అనేది అప్పుడు తేలుతుంది.

కాగితం లేనివాడికి న్యాయం దూరం

ఇప్పుడు కొంచెం బరువైన మాట చెప్పాలి.

విత్తనం మొలకెత్తక, మొలిచినా కాయక నష్టపోయిన ఆంధ్ర రైతులు వినియోగదారుల ఫోరానికి వెళ్లిన కేసుల్లో సుప్రీంకోర్టు 2012 జనవరిలో తీర్పు ఇచ్చింది. రైతు కూడా వినియోగదారుడే, విత్తన చట్టం ఉన్నా నష్టపరిహారానికి వినియోగదారుల ఫోరానికి వెళ్లవచ్చు అని చెప్పింది. పరీక్షకు విత్తన నమూనా ఇవ్వలేదు కదా అని కంపెనీ వాదించింది. కొన్న విత్తనమంతా రైతు చల్లేసుకుంటాడు, పరీక్ష కోసం దాచిపెట్టాలని అతని నుంచి ఆశించలేం అని కోర్టు ఆ వాదనను కొట్టేసింది. మనకు అనుకూలమైన తీర్పే. కానీ ఆ గుమ్మం ఎక్కాలన్నా ‘ఈ కొట్టులో, ఈ తేదీన, ఈ లాటు నంబరు విత్తనం కొన్నాను’ అని చూపించాలి. కాబట్టి బిల్లు, సంచి, దానికి కుట్టిన చీటీ దాచండి. కుదిరితే గుప్పెడు విత్తనం కూడా. పంట ఇంటికొచ్చేదాకా ఆ గుడ్డ సంచిలో ఉండాలి.

పంట బీమా కూడా అంతే. ఫసల్ బీమా కింద వడగళ్లు, ముంపు లాంటి నష్టం మన చేనుకు జరిగితే 72 గంటల్లోగా తెలియజేయాలి. మూడు రోజులు. చేనులో నీళ్లు చూసి నెత్తిన చేయి పెట్టుకుని కూర్చుంటే ఆ మూడు రోజులు అలాగే గడిచిపోతాయి. నష్టం జరిగిన రోజు తేదీ పుస్తకంలో పడితే గంటల లెక్క మొదలైందని గుర్తుంటుంది.

ప్రామిసరీ నోటు సంగతి. కట్టిన ప్రతి పైసాకూ నోటు వెనక చెల్లు వేయించుకోండి. ‘మన మధ్య కాగితాలెందుకు’ అనేవాడు నోటు రాయించుకునేటప్పుడు ఆ మాట అనలేదు. ఖాళీ నోటు మీద సంతకం పెట్టకండి. చెల్లు వేయనంటే, కట్టిన తేదీ, ఎదుట ఉన్న మనిషి పేరు మీ పుస్తకంలో ఆ రాత్రే రాయండి.

ఇంకొకటి. చెప్పాలంటే గొంతు పట్టేస్తుంది. 2004లో వచ్చిన 421 జీవో నుంచి ఆత్మహత్య చేసుకున్న రైతు కుటుంబానికి పరిహారం ఇవ్వాలంటే డివిజన్ స్థాయి త్రిసభ్య కమిటీ విచారణ జరగాలి. ఆ కమిటీ అప్పుల రుజువులు అడుగుతుంది. బయటి అప్పులకు కాగితం ఉండదు. భార్యకు ఎవరి దగ్గర ఎంత తెచ్చారో తెలియదు. సాగు కౌలుది కాబట్టి పాసుపుస్తకం ఉండదు. ‘ఇది సాగు వల్ల జరిగింది కాదు’ అని ఒక్క వాక్యం రాసి ఫైలు మూసేస్తారు. ఆ జీవో ఈ గదిలో ఎవరి ఇంటికీ అవసరపడకూడదు. అందుకే చెబుతున్నాను, అప్పుల పేజీ ఇంట్లో ఇద్దరికీ తెలియాలి. భర్త ఒక్కడే మోసే అప్పు కొండంత బరువుంటుంది.

‘రాసి కూడితే గుండె ఆగుతుంది, రాయకపోవడమే నయం’ అని ఒక పెద్దాయన అన్నారు. ఆ మాటను తీసిపారేయలేం. కూడినప్పుడు అంకె భయపెడితే ఆ రాత్రి ఒంటరిగా ఉండకండి. ఇంట్లో చెప్పండి, తెల్లారి సంఘం వాళ్లకు చెప్పండి. ఏ అప్పు ముందు, ఏది తర్వాత, ఎవరితో గడువు మాట్లాడాలి అనేది నలుగురు కూర్చుంటే దారి దొరుకుతుంది. మనసు మరీ బాగోలేకపోతే 14416 నంబరుకు ఫోను చేయండి. ప్రభుత్వ టెలిమానస్ సేవ అది, పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. చెప్పుకోవడం సిగ్గుపడే పని కాదు.

గురువులు ఇంట్లోనే ఉన్నారు

ఇదంతా అయ్యే పనేనా అనుకునే మగవాళ్లు ఒకసారి మీ ఇంట్లోనే చూడండి. పొదుపు సంఘంలో ఉన్న మన ఆడవాళ్లు ఏళ్ల తరబడి ఇదే చేస్తున్నారు. వాళ్లకు పంచసూత్రాలున్నాయి. క్రమం తప్పని సమావేశం, క్రమం తప్పని పొదుపు, లోపల్లోపల అప్పులిచ్చుకోవడం, వేళకు తిరిగి కట్టడం, పుస్తకాలు సరిగా రాయడం. ఐదో సూత్రం మనం ఇప్పుడు మాట్లాడుకుంటున్నదే.

ఇది ఎక్కడ మొదలైందో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం సాగుతున్న రోజులవి. రాత్రిపూట పలకా బలపం పట్టుకున్న ఆడవాళ్లు సారా గురించి మాట్లాడుకున్నారు. దూబగుంట మహిళలు సారా అమ్మకాన్ని అడ్డుకున్నారు. అది రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. ఆ తర్వాత అదే జిల్లాలో ఆ మహిళలే రోజుకో రూపాయి చొప్పున పొదుపు మొదలుపెట్టారు. పొదుపులక్ష్మి అన్నారు దాన్ని. రూపాయికి ఏమొస్తుందని నవ్వినవాళ్లూ ఉన్నారు. తర్వాత పొదుపు సంఘాలు రాష్ట్రమంతా వ్యాపించాయి, బ్యాంకులు వాటికి అప్పులిచ్చాయి.

ఇందులో మూడు పాఠాలున్నాయి. చిన్నగా మొదలుపెట్టారు: రోజుకు రూపాయి. ఒక వేళ, ఒక చోటు పెట్టుకున్నారు. అన్నిటికంటే ముఖ్యం, కలిసి చేశారు. ఒకామె రాకపోతే మిగతావాళ్లు ఆమె ఇంటికి వెళ్లారు. ఒక ఊరి తాగుడు అలవాటును మార్చింది ఉపన్యాసం కాదు, ఒకే మాట మీద నిలిచిన నలభై, యాభై మంది ఆడవాళ్లు.

సంఘం చేయాల్సింది

మన గ్రామ కమిటీలకు ఒక విన్నపం. నెలలో మొదటి ఆదివారం ఒక గంట లెక్కల కోసం కేటాయించండి. రామాలయం అరుగైనా, పాల కేంద్రం వసారా అయినా ఫరవాలేదు. పుస్తకాలు తెచ్చుకుని కూర్చోవాలి. ఎవరి అప్పుల పేజీ ఎవరూ తెరవకూడదు. ఆ పరువు కాపాడటం కమిటీ బాధ్యత. ముందు ముందు పేజీలు మాత్రమే చూసుకుని ఎకరానికి ఈ నెల ఎంతైంది, బయటి కూలి ఎంత, ఇంటి కూలి ఎన్ని రోజులు అని కూడండి. రాయలేనివాళ్లకు కుర్రవాళ్లు సాయం చేయండి. వరుసగా రెండుసార్లు రాని మనిషి ఉంటే ఎవరో ఒకరు వాళ్ల ఇంటికి వెళ్లి పలకరించండి. లెక్క కోసం కాదు, మనిషి కోసం.

దీనివల్ల సంఘానికి ఏం వస్తుంది? ఉదయం చెప్పుకున్న 1,579 అంకెకు మళ్లీ వద్దాం. ఆ ఖర్చును కేంద్రం ఎంపిక చేసిన కొన్ని ఊళ్లలో, కొంతమంది రైతుల దగ్గర లెక్కలు సేకరించి అంచనా వేస్తుంది. అది తక్కువని మనం అంటాం. ‘ఎంతో చెప్పండి’ అంటే మనలో ఒకరు ముప్పై వేలంటారు, ఇంకొకరు నలభై అంటారు, మూడో ఆయన ‘ఎంతని చెప్పనండీ’ అంటారు. అధికారి నవ్వి ఫైలు మూస్తాడు. అదే ఒక మండలంలో రెండు వందల పుస్తకాలు, నారు పోసిన రోజు నుంచి ధాన్యం అమ్మిన రోజు దాకా రోజువారీ రాతలతో ఉంటే? ఇంటి ఆడవాళ్లు చేసిన పని రోజుల లెక్కతో సహా ఉంటే? అప్పుడు ధర్నాలో మనం అరిచే అంకెకు వెనక ఆధారం ఉంటుంది. కలెక్టరుకు ఇచ్చే వినతిపత్రానికి ఆ లెక్కలు జత చేయవచ్చు. ధర అంతటితో పెరుగుతుందని నేను అనను. మన మాటను తేలిగ్గా కొట్టిపారేయడం మాత్రం కష్టమవుతుంది.

సొంత లక్ష్యం, సంఘం లక్ష్యం వేర్వేరని అనుకుంటాం. నాకైతే అలా కనపడదు. మన అమ్మాయిని నర్సింగ్ చదివించాలన్నా, ఇంటి మీద రేకులు తీసి శ్లాబు వేసుకోవాలన్నా, పాత నోటు చించేయాలన్నా అవి ఒకవైపు మన పుస్తకం మీద, ఇంకోవైపు దేశంలో ధర మీద ఆధారపడి ఉంటాయి. మొదటిదాన్ని ఇంట్లో రాత్రి చూసుకోవాలి. రెండోదాన్ని కలిసి సాధించుకోవాలి. రెండింటికీ కావాల్సిన లెక్క ఒకటే.

ఇక ముగిస్తాను. తరగతి అయిపోయి ఇళ్లకు వెళ్లేటప్పుడు దారిలో ఒక రూళ్ల పుస్తకం, ఒక పెన్ను కొనండి. ఈ రాత్రే మేకు కొట్టండి. మొదటి పేజీలో నాలుగు సంగతులు రాయండి: సాగు ఎన్ని ఎకరాలు, అందులో కౌలు ఎంత, బ్యాంకు గడువు తేదీ, వచ్చే సంక్రాంతికి మీరు అనుకున్న ఒక్క లక్ష్యం, అంకెతో. రెండో పేజీలో ఈ రోజు రెండు వరుసలు. బస్సు ఛార్జీ మొదటి వరుసలోకి వెళుతుంది. మీరు ఇక్కడుంటే ఇంటి దగ్గర గొడ్లను చూసుకున్నది ఎవరో రెండో వరుసలో రాయండి.

వచ్చే నెల మొదటి ఆదివారం మీ ఊళ్లోనే కూర్చుని చూసుకుందాం. ఎవరివి ఎన్ని పేజీలు నిండాయని పోటీ లేదు. పుస్తకం వెంట తెచ్చుకుంటే చాలు. సెలవు.